చేతికి తెలిసిన అతుకు

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ జిగురాయనే. ఇంటి ముందుగదిలో పొడవాటి బల్ల, దాని మీద ఎప్పుడు చూసినా విరిగిన విమానాలు. నిజం విమానాలు కావు. ఫోమ్‌తో చేసి, లోపల బ్యాటరీ పెట్టి, చేతిలో రిమోట్ పట్టుకుని ఎగరేసుకునేవి. ఊరి చివర మైదానంలో అవి నేలకు కొట్టుకున్నప్పుడల్లా వాటి యజమానులు ముక్కలు సంచిలో ఏరుకుని, మొహం వేలాడేసుకుని ఆయన గుమ్మం ఎక్కేవారు.

ఆ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి నేర్చుకున్నాడు. మొదటిసారి థర్మోకోల్ తోక మీద మామూలు సూపర్ గ్లూ వేస్తే, చక్కెర మీద వేడినీళ్లు పోసినట్టు తోక కరిగిపోయింది. చెప్పులు అతికించే రబ్బరు జిగురూ అదే పని చేసింది. తెల్ల జిగురు ఫోమ్‌ను ఏమీ అనదు గానీ, రెండు ముక్కల మధ్య గాలి తగలక రోజుల తరబడి పచ్చిగానే ఉండిపోతుంది. గ్లూ గన్‌తో పెట్టిన అతుకు గబుక్కున పట్టుకుంటుంది, ఎండలో ఆపిన కారులో గబుక్కునే వదిలేస్తుంది. రెక్క మధ్యలో కార్బన్ కడ్డీ కూర్చునే చోట, బరువంతా మోసే చోట, రెండు ట్యూబులు కలిపితే రాయిలా బిగుసుకునే ఎపాక్సీ జిగురును మించింది లేదు. ఇవన్నీ ఆయన ఎవరికీ విప్పి చెప్పలేదు. అడిగితే, "పనికి ఏది పట్టుకుంటే అది" అని తల వంచుకునేవాడు. పని చేస్తూ కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే ఆయనకు ఒళ్లు మంట.

అలాంటి మనిషికి ఒళ్లే ఎదురు తిరిగింది. మొదట తుమ్ములు. సూపర్ గ్లూ సీసా మూత తీస్తే చాలు ముక్కు కారేది, సాయంత్రానికి రొమ్ము పట్టేసేది. జలుబులే అనుకున్నాడు. తర్వాత ఎపాక్సీ తగిలిన వేళ్లు పగిలాయి, కనురెప్పలు ఉబ్బాయి. అద్దంలో తన మొహం తనకే చుట్టపుచూపుగా వచ్చినట్టు కనిపించింది. గ్లౌజులు తొడిగాడు, మూతికి మాస్కు కట్టాడు, గోడకు పెద్ద ఫ్యాను బిగించాడు. ఏదీ పని చేయలేదు.

డాక్టరమ్మ ఆయన చేతులు తిప్పి తిప్పి చూసింది. "ఇన్నేళ్లూ మీ ఒళ్లు ఓర్చుకుంది. ఇక ఓర్చుకోదు. ఒకసారి పగబట్టాక మరిచిపోదు."

"తగ్గడానికి మందు?"

"దూరంగా ఉండడమే మందు. ఆ గదిలో అడుగే పెట్టొద్దు."

దారి చూపింది ఇంటావిడ. "చేతులు మా తమ్ముడివి, బుర్ర మీది. మీరు బయటినుంచి చెప్పండి, వాడు లోపల చేస్తాడు" అంది. ఆవిడ తమ్ముడికి సందు మొదట్లో ఫోన్ కవర్ల దుకాణం ఉంది. మనిషి మంచివాడే గానీ మాటలు కోటలు దాటతాయి. ఒక్క కవరు కొనడానికి వచ్చినవాడు వాడి చిన్నప్పటి కథంతా విని వెళ్లాల్సిందే.

మొదటి పని డ్రైవింగ్ స్కూలు మాస్టారిది. నేర్చుకునేవాళ్లు కారును గోడ మీదికి పోనిచ్చినా చలించని మాస్టారు, ఆ రెక్కను మాత్రం పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. సెలవు రోజుల్లో తన చేత్తో చెక్కుకున్న పొడుగు రెక్క, సరిగ్గా నడుముకు విరిగింది. ఈ అతుకు కుదిరితే పని ఇంట్లో నిలుస్తుంది. కుదరకపోతే గది మూసేసి, బామ్మరిది దుకాణంలో కవర్లు అమ్ముకోవడమే. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ ముగ్గురికీ తెలుసు.

జిగురాయన ముందే అంతా చెప్పాడు. ఆయన జీవితంలో ఒక్క గుక్కలో అంత మాట్లాడింది అదే మొదలు.

"రెండు ట్యూబుల్లోంచి సమానంగా తియ్యి. బాగా కలుపు. గాడిలో రెండు వైపులా పుయ్యి. కడ్డీ కూర్చోబెట్టు. రెండు ముక్కలూ దగ్గరికి నొక్కి, బిగిసేదాకా కదలకు."

"అంతేనా బావా? ఈ మాత్రానికా మా అక్క ఇన్నాళ్లూ నిన్ను చూసి మురిసిపోయింది!"

"నోరు మూసుకుని చెయ్యరా."

"నోరు మూస్తే నాకు చెయ్యి ఆడదు బావా. నీ జబ్బు నీది, నా జబ్బు నాది."

తలుపు పడింది. ఫ్యాను హోరు మొదలైంది. జిగురాయన బయట అరుగు మీద స్టూలు వేసుకుని, మూసిన కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. తన బల్లను బయటినుంచి చూడడం ఆయనకు కొత్త. ఇరుకుగా, ఎవరిదో అన్నట్టుగా ఉంది.

బామ్మరిది రెండు ట్యూబులూ పిండాడు. సమానంగానే పిండాడు. కానీ పిండింది టానిక్ సీసాతో వచ్చే చిన్న లోతు గిన్నెలోకి. దాన్ని ఎడమచేతి పిడికిట్లో పెట్టుకుని పుల్లతో గిరగిరా తిప్పసాగాడు.

జిగురాయనైతే అట్టముక్క మీద పల్చగా పరిచి కలుపుతాడు. ఎపాక్సీ లోతులో ముద్దగా ఉంటే తన వేడికి తానే ఉడికి, పూసేలోపే బిగుసుకుంటుంది. ఆ సంగతి ఆయన చేతికి ఎంత బాగా తెలుసంటే, నోటిదాకా రావాల్సిన అవసరమే ఏనాడూ పడలేదు.

"అట్ట మీదరా! అట్ట మీద పొయ్యి!" అని అద్దం మీద దబదబా బాదాడు.

లోపలివాడు తల తిప్పి, నవ్వి, బొటనవేలు పైకెత్తాడు. "బాగా కలుస్తోంది బావా!" అన్నట్టు పెదాలు కదిలాయి.

అంతలోనే గిన్నెలోంచి సన్నగా పొగ లేచింది. బామ్మరిది "అబ్బా!" అని గిన్నెను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, బిగుసుకునేలోపు పూసేద్దామన్న కంగారులో ఆ సలసల కాగే ముద్దను ఉన్నపళంగా రెక్క గాడిలోకి కుక్కాడు. ఫోమ్ అంచులు మైనంలా లోపలికి కుంగిపోయాయి. జిగురాయన లేచి తలుపు పిడి పట్టుకున్నాడు. ఇంటావిడ వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"వద్దండీ. మీకు దండం పెడతాను."

ఆయన పిడి తిప్పలేదు. వదల్లేదు కూడా. లోపలికి వెళ్లినా చేసేదేమీ లేదని ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. బిగుసుకున్న ఎపాక్సీ ఎవరి మాటా వినదు.

బామ్మరిది బయటికొచ్చి కాలిన వేళ్లను నీళ్లలో ముంచుకున్నాడు. "చెప్పొద్దూ బావా, అలా కాలుతుందని?"

"నీకు తెలీదని నాకు తెలీలేదురా" అన్నాడు జిగురాయన.

అనుకున్న వేళకే మాస్టారు వచ్చాడు. అతుకు పడని రెక్క ముక్కలను వెలుతురుకు ఎత్తి చూశాడు. నడుము దగ్గర పిడికెడంత మేర కరిగిపోయి, పైన పసుపు రాయిలా ఎపాక్సీ. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది జిగురాయనకు.

"కరిగినంత మేరా కోసేసి, ఆరడానికి రోజులు పట్టినా తెల్ల జిగురుతో కొత్త ఫోమ్ పెట్టి ఇస్తాను. ఆ జిగురు నాకు పడుతుంది. కానీ కడ్డీకి మళ్లీ ఎపాక్సీయే కావాలి మాస్టారూ. అది నా వల్ల కాదు." జరిగిందంతా చెప్పి, పగిలిన వేళ్లు చూపించాడు.

"అయ్యో అన్నా, ముందే చెప్పొచ్చు కదా! సరే, ఇలా ఇవ్వు. ఇంటి దగ్గర నేనే చేసుకుంటా. ఎలాగో చెప్పు, చాలు."

జిగురాయన మొదలుపెట్టాడు. సమానంగా తీయాలి. అట్ట మీద పల్చగా పరచాలి. లోతు గిన్నె పనికిరాదు. కడ్డీని ముందు గరుకు కాగితంతో రుద్దుకోవాలి... అక్కడ ఆగిపోయాడు. రుద్దమని బామ్మరిదికి చెప్పనేలేదు. అదీ ఇప్పుడే తోచింది. మరి ఇంకా ఎన్ని మిగిలిపోయాయి? కళ్లు మూసుకుని, చేతిలో పుల్ల ఉన్నట్టు గాల్లో కలిపి చూశాడు. వేళ్లు వాటంతట అవే కదిలాయి. చివర్లో మణికట్టు ఒకసారి పక్కకు వాలింది. అదెందుకు వాలిందో ఆయనకే అంతుపట్టలేదు.

"ఇంతేనా?" అన్నాడు మాస్టారు.

"కాదు. ఇంకా ఉంది."

"ఏంటది?"

"అదేంటో తెలిస్తే చెప్పనా మాస్టారూ?"

మాస్టారు రెక్క ముక్కలు రెండూ చంకన పెట్టుకుని, గుమ్మానికి తగలకుండా పక్కకు తిరిగి, మెట్లు దిగాడు.

ఇంటావిడ ముందుగది కిటికీ తెరిచి, ఫ్యాను ఆపి, బయటికొచ్చి తలుపుకు గొళ్లెం పెట్టింది. జిగురాయన అరుగు మీది స్టూలు ఎత్తి ఇంట్లో పెట్టేశాడు.