సైకిల్ ఎవరి బండిలో వచ్చింది?

రొట్టెల బండి బాబాయికి ఒకటే పిచ్చి. ఎవరొచ్చినా సరే, ముందు మొహం చూడడు. ఎవరి బండిలో వచ్చాడో కనుక్కుంటాడు.

వీధిలో ఒకరింటి కొత్తల్లుడు గుమ్మంలో అడుగు పెడితే, "కారెవరిది నాయనా?" అన్నాడు. అద్దెదని అల్లుడు నీళ్ళు నమిలాడు.

"అద్దె ఇచ్చావుగా! ఇక తలెత్తుకుని కూర్చో. ఊరికే ఎక్కించుకున్నవాడు ఊరికే దింపడు."

బాబాయి అన్నకూతురు అదే వీధిలో ఒక కొట్లో బట్టలు కుట్టుకునేది. ఇలాంటప్పుడల్లా ఆమెకి తల కొట్టేసినట్టుండేది.

ఒకరోజు నాయకుడొకాయన రబ్బరు చెప్పులేసుకుని, సైకిల్ తొక్కుకుంటూ వీధిలోకి వచ్చాడు. "నేనూ మీలో ఒకణ్ణే! పెద్దోళ్ళ ఆటలు సాగనివ్వను! ఆర్నెల్లు కొట్లు ఖాళీ చేసివ్వండి, కొత్తవి కట్టించి మీ చేతుల్లో పెడతాను!" అన్నాడు. ఒకటే చప్పట్లు. ఆమెకి ఆ కొట్టు తప్ప వేరే ఆధారం లేదు. అయినా కళ్ళనీళ్ళు తుడుచుకుని, తాళంచెవి పట్టుకుని ముందుకెళ్ళింది.

బాబాయి సైకిల్‌ని ఎగాదిగా చూశాడు. సీటు మీద ప్లాస్టిక్ కవరింకా ఊడలేదు.

"అయ్యా, మీరు సైకిల్ మీద వచ్చారు, బాగుంది. సైకిల్ ఎవరి బండిలో వచ్చింది?"

"బాబాయ్, పరువు తియ్యకు!" అందామె.

"తాళం తర్వాత ఇద్దువుగానీ, సందు చివరికెళ్ళి చూసిరా తల్లీ."

విసుక్కుంటూ వెళ్ళింది. అక్కడ లారీ. ఈ కొట్లు కూలగొట్టి పెద్ద షాపింగ్ భవనం కట్టాలని ఎప్పట్నుంచో కాచుక్కూర్చున్న కాంట్రాక్టరుది. సైకిల్ దించిన చెక్క ఇంకా వేలాడుతోంది.

"కాంట్రాక్టరు లారీలో బాబాయ్!" అని అక్కణ్ణుంచే కేకేసింది.

తాళంచెవులన్నీ మళ్ళీ జేబుల్లోకి వెళ్ళిపోయాయి. నాయకుడు కంగారుగా సైకిలెక్కాడు, గొలుసు ఊడింది, కాలవలో పడ్డాడు. జనాన్ని చూసి లారీ ఎప్పుడో ఉడాయించింది.

బాబాయి తన రొట్టెల బండి తలుపు తీశాడు. "ఎక్కండి, ఆస్పత్రికి పోదాం."

"ఈయన్నా?" అందామె.

"మోకాలు చిట్లిందమ్మా! నీకు కామెర్లొచ్చినప్పుడు ఏ పార్టీ అని అడిగానా?"

అప్పుడు గుర్తొచ్చింది. జ్వరాలకీ, పురుళ్ళకీ, పరీక్షలకీ వీధి వీధంతా ఆ బండిలోనే వెళ్ళింది. ఊరికే ఎక్కించుకుని ఊరికే దింపిన మనిషి ఈయనొక్కడే. ఇలాంటి బాబాయి దొరకడం తన అదృష్టం అనుకుంది. ఆ మాట పైకి అనలేక, రొట్టెల ట్రే ఒళ్ళో పెట్టుకుని పక్కసీట్లో కూర్చుంది.

ఆస్పత్రిలో నర్సు అడిగింది. "ఎవరి బండిలో వచ్చారండీ?"

నాయకుడు బాబాయి వంక చూశాడు. "రొట్టెల బండిలో."

ఏ నాయకుడికీ ఏనాడూ చప్పట్లు కొట్టని బాబాయి టపటపా కొట్టేశాడు. "ఇవాళ్టికి ఒక నిజం చెప్పారు!"

ఆమె కూడా కొట్టింది. అరచేతిలో తాళంచెవి గుచ్చుకుంటున్నా ఆపలేదు.