పిల్లి కోసం తెచ్చిన గోనె

అరకుకు ఇంకా రైలు రాని, పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. నేను కొత్తకోడలిని. చిరుత భయంతో మా పిల్లిని గడప దాటనిచ్చేవాళ్లం కాదు. అది ఊరుకుంటుందా? పేడతో అలికిన వెదురు గాదెను రోజూ గోళ్లతో గీరేది. ఒకనాడు గాదెకు చిల్లుపడి, విత్తనానికి దాచిన చోళ్లు, అదే రాగులు, బొలబొలా రాలిపోయాయి.

అత్త గోనెసంచి పట్టుకొచ్చింది. "ఇత్తనాలే పోతే రేపేటి తింతాం? దీన్ని ఇందులో ఏసి బేగి అడవిలో ఒగ్గేసి రా!"

అడవిలో వదిలితే చిరుత పాలే. సంచిలో వేయబోతే, పిల్లి ఆ గోనెనే పట్టుకుని కసిగా గీరసాగింది. అప్పుడు తట్టింది నాకు. గాదె పక్క గుంజకు ఆ గోనెనే బిగించి చుట్టాను. పిల్లి మళ్లీ గాదె జోలికి పోలేదు.

ఇంటికొచ్చిన వాళ్లందరికీ అత్త ఆ గుంజ చూపించేది. "మా కోడలి తెలివి సూడండి!"

గొప్పలు చెప్పుకుంటున్నానా? గొప్పే మరి! పిల్లికీ నాకూ ఆ ఇంట్లో ఒకేసారి చోటు కుదిరింది.