కానుగ చెట్టు మొదలు

చెట్టు బొమ్మలో మొదలు గీయడం నాకు ఏనాడూ రాలేదు. నారాయణగూడలో ఒక బడిలో డ్రాయింగు మాస్టారుగా ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. మాను దిగి నేలను తాకే చోటికి రాగానే నాలుగు గడ్డి గీతలు లాగేసేవాణ్ణి. పిల్లలకూ అదే నేర్పాను. "మొదట్ల గడ్డెయ్యిండ్రి, మంచిగ కనిపిస్తది" అనేవాణ్ణి.

రిటైరయ్యాక అశోక్‌నగర్‌లో మా అపార్ట్‌మెంటు గేటు పక్కనున్న కానుగ చెట్టుకూ అదే పని చేశాను. పైకి తేలిన దాని వంకర వేళ్లు నా కంటికి నచ్చలేదు. చుట్టూ నడుమెత్తు గోడ కట్టించి, మట్టి నింపి, పైన గడ్డి పెట్టించాను. గోడకు ఎర్రగా జాజు పూసి సున్నం గీతలు నేనే వేశాను. అచ్చం నా బొమ్మలా ఉందని మురిసిపోయాను కూడా.

మూడో ఏడు ఉగాదికి వీధిలో కానుగలన్నీ చిగురించాయి, మాది తప్ప. ఎండు కొమ్మ విరిగి ఎవరి నెత్తిన పడినా పూచీ ఎవరిదని కొట్టించేద్దామన్నారు మా అపార్ట్‌మెంటువాళ్లు. వాళ్ల భయమూ నిజమే. వానలు పడేదాకా ఆగమని ఇంటింటికీ వెళ్లి బతిమాలాను. రోజూ రెండు బకెట్ల నీళ్లు పోశాను. మిగిలిన నాలుగాకులూ రాలిపోయాయి.

పక్కన కడుతున్న ఇంట్లో ఇసుక మోసే పాలమూరు నుంచి వచ్చిన ఒకామె మధ్యాహ్నం ఆ గోడ మీదే కూర్చుని సద్ది తినేది. ఒకనాడు మట్టిలో చేతివేళ్లు గుచ్చి చూసి నన్ను పిలిచింది.

"సారూ, గీ మన్ను ఎవరు పోసిండ్రు?"

"నేనే పోయించిన. ఏమైందమ్మా?"

"చెట్టును గొంతుదాంక పాతిపెట్టినవ్. ఊపిరెట్లాడుతది? మీదికెళ్లి రోజూ నీళ్లు పోస్తున్నవ్. మాను మురుగుతున్నది సూడు."

నాకు చర్రున కోపమొచ్చింది. జన్మంతా చెట్లు గీసినవాడికి చెట్టు గురించి చెప్పడమా అనుకున్నాను. సాయంత్రం నేనూ వేలు గుచ్చి చూశాను. లోపల బెరడు మెత్తగా తగిలింది, వేలికి నల్లగా అంటుకుంది. సిగ్గేసింది.

నేనడిగితే ఆదివారం ఆమే వచ్చి గోడ పగలగొట్టింది. మాను దగ్గరికి వచ్చేసరికి గడ్డపార పక్కన పెట్టింది. "జర పైలం సారూ, తోలు లేస్తది" అని చేతులతోనే మట్టి తోడింది. నేనూ పక్కన కూర్చుని తోడాను. మధ్యాహ్నానికి వేళ్లు బయటపడ్డాయి, నేలను కోడికాలిలా గట్టిగా పట్టుకుని.

వానలకు వీధివైపు కొమ్మలు చిగురించాయి. గేటువైపువి బతకలేదు, కోయించాం. కొట్టేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అప్పటికి ఆ ఇల్లు పూర్తయి ఆమె ఇంకో చోటికి పనికి వెళ్లిపోయింది. చిగుళ్లు ఆమెకు చూపించలేకపోయానని ఇప్పటికీ బాధే.

మొన్న చిక్కడపల్లి కూరగాయల దగ్గర ఒకామె నమస్కారం పెట్టింది. నా దగ్గర చదువుకున్నదట, ఇప్పుడు తానే పిల్లలకు డ్రాయింగు చెబుతోందట. ఫోనులో తన బొమ్మ చూపించింది. పెద్ద చెట్టు, మొదట్లో దట్టంగా గడ్డి.

"మీరు నేర్పిందే సార్, మర్వలేదు" అంది సంబరంగా.

మెచ్చుకుని వచ్చేయవచ్చు. కానీ బొమ్మలో ఆ గడ్డి మీద వేలు పెట్టాను.

"తప్పు నేర్పిన బిడ్డా" అన్నాను. "మొదలు గీసుడు నాకు రాదు. గందుకే గడ్డేసేటోణ్ణి."