మళ్ళింపు మేడం

ఆ ఉదయం విమానం ఎక్కిన నలభై ఎనిమిది మందిలో ఒకామె కెప్టెన్‌కి స్వయానా ఆడపడుచు. నాలుగో వరుసలో కిటికీ పక్కన, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. విమానం దిగబోయే ఊళ్ళో పదకొండుకి హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పాక వచ్చిన పిలుపు.

కెప్టెన్‌కి యాభై ఒకటి. వాతావరణం బాగోకపోతే విమానాన్ని వేరే ఊరికి మళ్ళించేస్తుందని తోటివాళ్ళు ‘మళ్ళింపు మేడం’ అని పేరు పెట్టారు. ఆ నెల అప్పటికే రెండుసార్లు మళ్ళించింది. ఆ పేరు ఆవిడకీ తెలుసు. మార్చమని ఎవర్నీ అడగలేదు.

ఆ ఊళ్ళో మబ్బుల్లోంచి రేడియో సంకేతాల సాయంతో పడమటి నుంచే కిందికి రావచ్చు. గాలి మాత్రం పడమటి నుంచి వీస్తోంది, దానికి ఎదురుగా దిగాలంటే తూర్పు నుంచి రావాలి. అంటే మబ్బు కిందికి వచ్చి, రన్‌వేని చూపు తప్పనివ్వకుండా, తక్కువ ఎత్తులో చుట్టూ తిరిగి అవతలి కొసన దిగాలి. ఎడమగా తిరిగితే కొండ అడ్డం కాబట్టి కుడిగానే తిరగాలి. అలా తిరిగితే రన్‌వే కనపడేది కుడి సీటులోని కో-పైలట్‌కే. అతను పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే.

చినుకు మొదలైంది. సగం చుట్టు అయింది.

“కనపడుతోందా?”

“కనపడుతోంది మేడం.”

“ఏం కనపడుతోంది?”

“రన్‌వే మేడం. మా హైస్కూలు వెనకాలే కదా, కళ్ళు మూసుకునైనా చూపిస్తాను.”

“కళ్ళు మూసుకుంటే నాకూ కనపడుతుంది బాబూ. కళ్ళు తెరిచి అంచు దీపాలు లెక్కపెట్టు.”

అతను అద్దానికి ముఖం ఆనించాడు. ఒకటి అన్నాడు. రెండు అన్నాడు.

“ఇంక లేవు మేడం. మబ్బే ఉంది.”

ఆవిడ ఇంజన్ల జోరు పెంచి, రన్‌వే ఉండాల్సిన వైపుకే తిప్పుతూ పైకి లేపింది. అటు కొండ లేదు. ఆ సంగతి దీపాలు లెక్కపెట్టక్కర్లేకుండానే తెలుసు.

నూట ఎనభై కిలోమీటర్ల అవతల ఇంకో ఊళ్ళో దిగారు. టైము పది ఇరవై. మెట్ల దగ్గర ఆడపడుచు అందరికంటే ఆఖరున దిగి, ఫోను చూస్తూ నిలబడింది.

“ఏమ్మా, మన వెనకాల వచ్చిన విమానం పది నిమిషాల్లో అక్కడే దిగిందటగా?”

“దిగే ఉంటుంది వదినా.”

“వాళ్ళకి కనపడింది నీకెందుకు కనపడలేదో?”

“మేం తిరిగేటప్పుడు మబ్బు అడ్డం వచ్చింది. వాళ్ళు వచ్చేసరికి తొలగి ఉంటుంది.”

“నేనున్నానని తెలిసి కూడా...”

“తెలుసు కాబట్టే మామూలు కంటే ఒక ప్రశ్న ఎక్కువ అడిగాను.”

ఆడపడుచు టాక్సీ వైపు నడిచింది. కో-పైలట్ వెనకనుంచి నసిగాడు. “తప్పు నాది మేడం. కనపడుతోందనేశాను.”

“తెలిసిన చోటు కదా, కంటికంటే ముందు బుర్ర చూసేస్తుంది. ఈసారి ముందు దీపాలు చెప్పు, ఊరు తర్వాత చెబుదువుగాని.”

ఆ రోజు మళ్ళింపు రిపోర్టులో కారణం దగ్గర ఆవిడ ‘రన్‌వే కనపడలేదు’ అని రాసింది. పైఅధికారి పిలిచి, నెలలో మూడోది కదా, ఇంకేమైనా రాస్తారా అన్నాడు. రాయనంది.

ఇంటర్వ్యూలు ఒంటిగంటకి ముగిశాయి. టాక్సీ ఒంటిగంటా నలభైకి చేరింది. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది. ప్రతి ఆదివారం తమ్ముడింటికి భోజనానికి వచ్చే ఆడపడుచు ఆ వారం రాలేదు. తర్వాతా రాలేదు. ఇప్పటికి ఆరు ఆదివారాలు.