నులక మంచం కథ, మా అత్తమ్మ సొరకాయ

యేసు ప్రభువు బతుకు మీద ఎవరో రాసిన నవలను ఒక అమ్మాయి ఫోన్లో రోజుకో భాగం చదివి వినిపిస్తుంది. మొయినాబాద్‌లో మా ఇంట్లో పొద్దున టీ కంటే ముందు అదే మోగుతుంది. మా అత్తమ్మకు చదువు రాదు గాని, వినడంలో ఆమెను మించినవాళ్లు లేరు.

నాకు ఆ నవల అంటే ఒళ్లు మంట. చర్చిలో పిల్లలకు ఆదివారం పాఠాలు చెప్పేదాన్ని మరి. సువార్తల్లో పన్నెండేళ్ల యేసు గుడిలో పెద్దలతో మాట్లాడి ఇంటికి వెళ్తాడు, మళ్లీ పనిలో కనిపించేసరికి దాదాపు ముప్పై ఏళ్లవాడు. నడుమ ఖాళీ ఉంది కదా అని ఈ నవలలు రాసేవాళ్లు కంచె లేని చేన్లో మేకలు పడ్డట్టు పడతారు. మొన్నొక పిల్ల ఆ నవల విని, యేసుకు ఈత ఎవరు నేర్పారో నాకే పాఠం చెప్పింది.

అత్తమ్మకు అందులో బాగా నచ్చింది మంచం కథ. యేసు తల్లితో తగువు పెట్టుకున్న పొరుగావిడ మంచం విరిగిందని తెలిసి, కుర్రవాడైన యేసు ఎవరూ పిలవకపోయినా వెళ్లి బాగుచేసి వస్తాడు. అది విన్న రోజు నుంచి అత్తమ్మకు కొండకల్‌లో ఉన్న చెల్లెలి మీదే ధ్యాస. బాప్తిస్మం తీసుకున్న ఏడు, చెల్లెలింట్లో బోనాలనాడు అమ్మవారికి పెట్టిన అన్నం వడ్డించారని విస్తరి ముందు నుంచి అత్తమ్మ లేచి వచ్చేసింది. నా కూడు వద్దంటే నన్ను వద్దన్నట్టే అని చెల్లెలు అంది. అప్పటి నుంచి మాటలు బంద్. వాళ్లను కలపాలని ఇంటిల్లిపాదీ చూశాం, ఎవరి వల్లా కాలేదు.

కోత పండుగ ఆదివారం వచ్చింది. ఆ రోజు చర్చికి ఎవరు పండించింది వాళ్లు తెచ్చి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. అత్తమ్మ పెరట్లో కాసిన సొరకాయను చంటిపిల్లలా ఎత్తుకొచ్చింది. దాన్ని ముందు పెట్టి, నా పక్కన కూర్చుని, వచ్చే వారం చెల్లెలింటికి పోతానని, యేసయ్య పిలవకున్నా పోలేదా అని అంది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. మూసుకోలేదు.

"అది బైబిల్లో లేదత్తమ్మా. రాసినోళ్లు అల్లిన కథ."

ఆమె ముఖం చిన్నబోయింది. "గట్లనా? మరి నేనెందుకు పోవాలె?"

గబగబా సువార్త తీసి, ఆయన కొండ మీద చెప్పిన మాటల్లో ఒకటి వెతికి ఆమె చెవిలో చదివాను. కానుక తెచ్చినప్పుడు నీ మీద నీవాళ్లకు కోపం ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి, ముందు వెళ్లి వాళ్లతో కలిసి రమ్మన్న మాట.

అత్తమ్మ సొరకాయను చూసింది, తలుపును చూసింది. నేను అర్థం వివరించేలోపే లేచింది. తాను వచ్చేదాకా ఆ కాయను ముట్టొద్దని వేలం వేసే పెద్దమనిషికి చెప్పి బయటికి నడిచింది. ప్రార్థన చేస్తున్న పాస్టరుగారు ఒక కన్ను తెరిచి చూశారు. నేను పాడించాల్సిన పిల్లల పాటను గాలికొదిలేసి నేనూ ఆమె వెనక పరుగెత్తాను. శంకర్‌పల్లికి ఒక ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో.

చెల్లెలు గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అక్కను చూసి చేతులు ఆగాయి గాని కూర్చోమనలేదు. ఎవరు పంపితే వచ్చావని అడిగింది. అత్తమ్మ నిలబడే మంచం కథంతా చెప్పింది, నులక బిగించడం చేతులతో చూపిస్తూ. యేసు పెరిగిన నజరేతులో నులక మంచం ఎక్కడిదో నాకు తెలియదు.

చిన్నత్తమ్మ నా వైపు తిరిగింది. "నిజమా బిడ్డా? ఏసు గట్ల చేసిండా?"

అవునంటే అబద్ధం, కాదంటే వచ్చిన పని చెడుతుంది. అత్తమ్మే అందుకుంది.

"మంచం ముచ్చట రాసినోళ్లది. నీతోని కలిసినంకనే కానుక పెట్టుమన్నది మాత్రం ఆయన మాటనే. నా సొరకాయ చర్చిల ఆగి ఉన్నది."

చిన్నత్తమ్మ ఫక్కున నవ్వింది. అయితే నా కోసం కాదు, సొరకాయ కోసం వచ్చావన్నమాట అంటూ కళ్లు తుడుచుకుంది. లోపలికి వెళ్లి పళ్లెంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చింది.

"ఏ దేవునికి పెట్టలే అక్కా. ఉత్త పప్పన్నమే. తిను."

అత్తమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. సాయంత్రం చర్చికి తిరిగొస్తే, ఖాళీ అయిన బల్ల మీద సొరకాయ ఒక్కటే మా కోసం ఎదురుచూస్తోంది.

ఆ నవల మీద నా కోపం పోలేదు. కాకపోతే ఇప్పుడు పొద్దున అది మోగగానే బైబిలు పట్టుకుని అత్తమ్మ పక్కన కూర్చుంటున్నాను. భాగం అయిపోగానే కొండకల్ నుంచి ఫోన్ వస్తుంది, చిన్నత్తమ్మ కూడా వింటోంది మరి. ఇవాళ్టిది బైబిల్ల ఉన్నదా, అల్లిందా అని అడుగుతుంది. దానికంటే ముందు, తిన్నవా అక్కా అని అడుగుతుంది.