కొమరయ్య మామ కర్ర చప్పుడు

నాలుగు రోజుల ముసురుకు మా ఇంటి స్లాబు చెమ్మగిల్లింది. మేస్త్రీ వచ్చి కర్రతో తట్టి చూస్తుంటే ఒకచోట గుల్ల చప్పుడు వచ్చింది. టీ గ్లాసుతో సహా బయటికి వచ్చి నిలబడ్డాను. మేస్త్రీ నవ్వాడు. నవ్వనీ. ఆ చప్పుడేమిటో నాకు నేర్పిన మనిషిని ఆయన చూడలేదు.

కొత్తగూడెం క్వార్టర్లలో మా పక్కింటి కొమరయ్య మామ బొగ్గు బాయిలో పైకప్పుకు దన్నులు నిలబెట్టేవాడు. కర్రతో కప్పును కొట్టి, చెవి పెట్టి విని, గట్టి చప్పుడు వస్తేనే మనుషులను ముందుకు పంపేవాడు. పెళ్లికి వెళ్లినా ఫంక్షన్ హాలు గోడను ఒకసారి తట్టందే కూర్చోడు. పాత గుళ్లంటే పిచ్చి. నేను డిగ్రీలో చరిత్ర తీసుకున్నాక, సెలవు దొరికితే చాలు, భుజాన బ్యాగు, అందులో సద్ది, నన్ను వెంటబెట్టుకుని అడవి దారి పట్టేవాడు. రాతి మీద అక్షరాలు కూడబలుక్కుని చదివితే మురిసిపోయేవాడు.

ఆ శ్రావణంలో మణుగూరు దారిలో బస్సు దిగి, మోకాలి లోతు వాగు దాటి, పేరైనా లేని ఒక పాడుబడ్డ గుడి చేరాం. వాన దంచుతోంది. లోపలి స్తంభం మీద అక్షరాలు కనబడ్డాయి. మామ గుమ్మంలోనే ఆగి కర్ర ఎత్తాడు.

"ఆగు బిడ్డా. నానిన బండ. ఇననియ్యి."

"వందల ఏండ్ల సంది ఉన్నది, ఇయ్యాల్నే పడుతదా మామా?" అని వెక్కిరించి లోపలికి నడిచాను.

వెనుక కర్ర కప్పుకు తగిలింది. గుల్ల చప్పుడు. మరుక్షణం మామ లోపలికి దూకి నన్ను అవతలికి తోశాడు. బండ ఆయన మోకాలి మీద పడింది. పుట్టగొడుగుల కోసం వచ్చిన పల్లెవాళ్లు మంచం మీద మోసి రోడ్డు చేర్చారు.

దవాఖానాలో నేను నోరు తెరవబోతే, "కాలు జారి పడ్డ, గంతే" అన్నాడు అందరితో. తర్వాత నాకొక్కదానికే వినపడేలా, "జెప్పకు బిడ్డా. మీ ఇంట్ల మల్ల నిన్ను గడప దాటనియ్యరు" అన్నాడు.

నేను చెప్పలేదు. నాకు అదే అనుకూలంగా ఉంది. మామ మళ్లీ బాయి దిగలేదు. పైనే, దీపాల గది కిటికీ వెనుక కూర్చుని దిగేవాళ్లకు దీపాలిచ్చేవాడు. నేను చదువుకున్నాను, లెక్చరర్నయ్యాను. ఆయన కుంటుకుంటూ ఎదురొచ్చిన ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

పోయిన వానాకాలం మామ పోయాడు. దినం అయ్యాక వాళ్లింట్లో అత్త దగ్గర కూర్చుని, "మామ జారలేదత్తా. ఆగమంటే నేనే ఆగలే" అన్నాను.

అత్త బియ్యం ఏరడం ఆపలేదు. "నాకెర్కనే బిడ్డా. జారితే మోకాలు గట్ల నలుగుతదా? ముప్పై ఏండ్లు కప్పు కింద బతికిన మనిషి, ఇనకుంట గుమ్మం దాటుతడా? నువ్వే జెప్తవని సూసిన. ఆయన ఉన్నప్పుడు జెప్తే బాగుండు."

లేచి, మూలనున్న కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు కాలేజీ పిల్లలను పాత గుళ్లకు తీసుకువెళ్తే ఆ కర్ర నా వెంట ఉంటుంది. గుమ్మం దగ్గర అందరినీ ఆపి, కప్పు తట్టి వింటాను. ఎందుకు మేడమ్ అని అడుగుతారు. ఒకప్పుడు నేను ఆగలేదని చెబుతాను.