‘బదల్ గయా’ అంటే ఏది?

2023 వానాకాలం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్‌ని. రూపం మార్చుకున్న ఫ్లూ వైరస్‌ని ఈ దీవుల్లో మొట్టమొదట పట్టుకున్నవాణ్ణి నేనే. కంటిచూపుతోనే పట్టేశాను. సరే, అది అబద్ధం. మా మైక్రోస్కోపుకే అందని వైరస్ నా కళ్లద్దాలకేం అందుతుంది? పట్టింది మెషిన్. నేను పట్టుకున్నది తల.

రోగి ప్రకాశం, ఈ ఊళ్లోనే ఆస్టినాబాద్ పేట మనిషి. కిడ్నీ మార్పిడి జరిగింది కాబట్టి రక్షణశక్తిని అణచే మందులు వాడుతున్నాడు. ఫ్లూతో చేరితే ఐదు రోజులు ఒసెల్టామివిర్ బిళ్లలిచ్చారు. తర్వాత ముక్కులోంచి స్వాబ్ తీసి పీసీఆర్ చేశాను. అందులో సీటీ వాల్యూ అని ఒక అంకె వస్తుంది. అది ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ. మందు పడ్డాక అంకె పెరగాలి. తగ్గింది!

నాకు మతి పోయింది. ట్యూబులు తారుమారయ్యాయేమోనని, ప్రకాశం భార్య రత్నమ్మ పక్కనే ఉందని చూసుకోకుండా సాంపిల్ మారిపోయిందా అని నర్సుని హిందీలో అడిగేశాను: “సాంపిల్ బదల్ గయా క్యా?”

అనుమానం తీరక మెయిన్‌లాండ్‌లోని పెద్ద ల్యాబ్‌కి పంపిన సాంపిల్‌కి నాలుగో రోజున జవాబొచ్చింది. వైరస్ జన్యువులో ఒక్క అక్షరం మారిందట. కణంలో పుట్టిన పిల్ల వైరస్‌లు తెంచుకుని బయటపడటానికి న్యూరామినిడేజ్ అనే కత్తెర కావాలి. బిళ్ల ఆ కత్తెర నోట్లో ఇరుక్కుని కదలనివ్వదు. కత్తెర ఆకారం మారేసరికి బిళ్ల అందులో కూర్చోవడం లేదు. వార్డు డాక్టరమ్మ ఆ కత్తెరకి ఇంకా పట్టే వేరే పీల్చే మందు రాసి, “వైరస్ బదల్ గయా, దీదీ” అంది, వైరస్ రూపం మారిందని.

రత్నమ్మ నావైపు వేలు చూపించింది. “ఆవేళ ఈ భయ్యాయే సాంపిల్ బదల్ గయా అన్నాడు. ఇప్పుడు వైరస్ అంటన్నారు. ఎవుళ్లదో రిపోర్టు చూసి మా ఆయనకి మందేటి? నానొప్పుకోను.”

అక్కడ ప్రకాశానికి ఊపిరి అందడం లేదు.

“నేనలా అనలేదు చెల్లెమ్మా,” అని బుకాయించాను.

“అబద్దాలాడకు భయ్యా. పెద్దోడివి.”

“అన్నాను. నాకప్పుడేం అర్థం కాలేదు. ఇప్పటికీ సగమే అర్థమైంది.”

“అయితే నా ఎదురుగా మళ్లీ తియ్. పేరు నాను రాస్తాను.”

ట్యూబు మీద తెలుగులో ‘ప్రకాశం’ అని గుండ్రంగా రాసింది. ల్యాబ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, రెండు గంటలు నా చేతుల మీంచి చూపు తిప్పలేదు. దాదాపు అదే అంకె వచ్చింది.

“అంటే మొదటిదీ మీ ఆయనదే,” అన్నాను. “కానీ ఇలా మారిన వైరస్ మామూలుగా నీరసపడి, నెమ్మదిగా పెరగాలి.”

“మరి దీనికింత జోరేటి?”

నా అనుమానమూ అదే. ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికెళ్లాం. “ఒక మార్పు కాలు విరిస్తే, ఇంకో మార్పు చేతికర్ర ఇస్తుంది,” అందామె. రిపోర్టులో ఆ రెండోదీ ఉందట. నేను మొదటి పేజీయే చదివాను.

“సరే, ఇయ్యండి,” అంది రత్నమ్మ.

ప్రకాశం పది రోజులకి ఇంటికెళ్లాడు. బతికాడు కాబట్టి నవ్వుతూ రాస్తున్నాను. ఆ మందు ఒక పూట ఆలస్యమైంది నా నోటివల్లే. అప్పట్నుంచి రోగి మనుషుల ఎదుట అనుమానం వస్తే, ఏది మారిందనుకుంటున్నానో పూర్తిగా చెప్తాను. తెలియకపోతే తెలియదంటాను.